దూరపాయనకి ఇచ్చిన కుర్చీ

షెడ్డు నుంచి,
జూన్ 3

చిట్టితల్లికి నాన్న ఆశీస్సులు.

మనిషి దొరికాడమ్మా, అదీ మనం మోయగలిగిన జీతానికే దొరికాడు. పొద్దున్న తొమ్మిదింటికి ఖాయమైంది, ఇప్పుడు పదకొండు. ఈ రెండు గంటల్లో ఈ సంగతి మేస్త్రీకి నాలుగుసార్లు చెప్పానట. "విన్నానండీ, నా చెవులు మనం చేసినవి కావు" అని విసుక్కున్నాడు. నాకు మాత్రం కాళ్ళు నేల మీద ఆనడం లేదు. కాళ్ళు చేసేవాడికి ఇలాంటి రోజు ఎప్పుడో గానీ రాదు.

నువ్వు కొండెక్కి వాతావరణ కేంద్రంలో చేరిన ఈ మూడు నెలల్లో ఇక్కడ మేం పడ్డ పాట్లు నీకు సగమే రాశాను. పట్టీలు కుట్టడానికి కొత్తగా చేరినావిడ, నువ్వు కంప్యూటర్లో పెట్టిన కొలతల పలక తెరుచుకోక ఇరవై రోజులు గోడ వైపు తిరిగి కూర్చుంది. ఒకాయనకి కుడికాలు తొడిగి చూసే రోజూ, ఇంకొకాయనకి ఎడమకాలు తొడిగే రోజూ ఒకటే పడి, ఇద్దరూ ఒకే గంటకి వచ్చి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఈ పనికి చవగ్గా బయటి మనిషిని వెతుక్కో నాన్నా అని నువ్వు వెళ్తూ వెళ్తూ చెప్పావు కదా. వెతికాను.

ముందు కంప్యూటర్లు చూసిపెట్టే ఒక పెద్ద కంపెనీకి ఫోన్ చేశాను. మాది కృత్రిమ కాళ్ళు చేసే షెడ్డమ్మా, తొమ్మిది మందిమి, ఎవరి కాలు ఎవరి బల్ల మీద ఉందో, కొలతలేమిటో, ఎప్పుడు తొడగాలో అన్నీ మా అమ్మాయి కంప్యూటర్లో ఒక పలకలాగా పెట్టి వెళ్ళింది, దాని మంచిచెడ్డలు చూసే మనిషి కావాలి అన్నాను. "ఎన్ని సీట్లు సార్?" అంది ఫోనెత్తిన అమ్మాయి. కుర్చీలు ఆరు, స్టూళ్ళు నాలుగు అన్నాను. పాపం నవ్వాపుకోలేక ఫోన్ పక్కన పెట్టింది. సీట్లంటే ఎంతమంది వాడతారనట. తర్వాత చెప్పిన రేటు విని నవ్వాపుకోవడం నా వంతయింది. మేస్త్రీకీ, పాలిష్ ఆవిడకీ కలిపి మనం ఇచ్చేదానికంటే ఎక్కువ.

ఆ తర్వాత బడిలో కంప్యూటర్లు నేర్పి రిటైరైన మాస్టారు వచ్చారు. గంటసేపు చూసి, ఇదంతా పీకేసి కొత్తది పెట్టాలన్నారు. మెట్లు దిగుతూ మోకాలు పట్టుకున్నారు. పలక సంగతి వదిలేసి ఆయన మోకాలికి పట్టీ కొలత తీసుకున్నాం.

ఇక ఇవాళ్టి సంగతి. చిన్న సంస్థలకి తక్కువ ఖర్చుతో దూరం నుంచే అన్నీ చూసిపెడతాం అని మన మెయిలుకి ఒక కబురొచ్చింది. ఫోన్ చేశాను. ఎంత నెమ్మదస్తుడో అమ్మా. జీతం మాటే ఎత్తలేదు, కాలు చేయడానికి ఎన్ని రోజులు పడుతుందండీ అని అడిగాడు. మొదటి రెండు నెలలు ఏమీ ఇవ్వక్కర్లేదట, నచ్చితేనే ఆ తర్వాత. మాట్లాడుతూ మాట్లాడుతూనే అరగంటలో పట్టీలావిడకి పలక తెరిచిచ్చాడు. ఆవిడ లేచి నిలబడింది. పేరేదో చెప్పాడు గానీ మన వాళ్ళ నోట అప్పుడే 'దూరపాయన' అయిపోయాడు.

మన షెడ్డు పద్ధతి నీకు తెలుసుగా. చేరినవాడికి మొదటి రోజే తాళంచెవి చేతిలో పెడతాం, అనుమానంతో పని మొదలుపెట్టం. ముప్ఫై నాలుగేళ్ళలో ఒక్క మేకు పోలేదు. రేపే ఆయన తాళంచెవులు ఆయనకి అప్పగిస్తాను. నీ గుండెల మీది బరువు దించేశాను, ఇక నువ్వు హాయిగా మబ్బులు లెక్కపెట్టుకో.

మీ నాన్న


కొండ మీద కేంద్రం నుంచి,
జూన్ 14

నాన్నా,

ఉత్తరం ఇవాళ వ్యానులో వచ్చింది. ఫోన్ పలకని ఈ కొండకి పది రోజులకోసారి సామాన్లతోపాటే ఉత్తరాలు. నీ సంతోషం చూసి నాకూ సంతోషమేసింది. కుర్చీల సంగతి ఇక్కడ అందరికీ చదివి వినిపించాను.

కానీ రెండు మాటలు విను. ఒకటి, పలకలో 'యజమాని' అని ఒక స్థానం ఉంటుంది. అది నీ పేరు మీద ఉంది, నీ పేరు మీదే ఉండాలి. ఆయనకి దాని కింద ఉండే నిర్వాహకుడి స్థానం ఇస్తే పని మొత్తం జరుగుతుంది. యజమాని స్థానంలో ఉన్నవాళ్ళు ఎవరినైనా బయటికి పంపగలరు. నిన్ను కూడా. రెండు, అంత పని రెండు నెలలు ఊరికే ఎందుకు చేస్తున్నాడో అడుగు. చవగ్గా వెతకమన్నది నేనే, కాదనను. చవకకీ ఊరికేకీ తేడా ఉంది.

ఆయన ఊరేమిటి, ఇంతకు ముందు ఎవరి దగ్గర చేశాడు, వాళ్ళతో ఒకసారి మాట్లాడావా? మన తాళంచెవి పద్ధతి తలుపుకి సరిపోతుంది నాన్నా. తలుపులోంచి వచ్చేవాడు కళ్ళకి కనిపిస్తాడు.

తొందరపడి ఏమీ ఇవ్వకు. మోకాలి మాస్టారే నయమనిపిస్తోంది నాకు.

నీ చిట్టి


షెడ్డు నుంచి,
జూలై 1

చిట్టితల్లికి ఆశీస్సులు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. నీ జాగ్రత్తకి మురిసిపోయాను, అచ్చం మీ అమ్మ పోలికే. కాకపోతే నీ ఉత్తరం అందేసరికి నేను ఇవ్వాల్సింది ఇచ్చేశాను. యజమాని స్థానమే ఇచ్చాను. పైన ఇద్దరుంటే పలక తికమకపడుతుందండీ, ఒక్కరే ఉండాలి అన్నాడు. ఇంటికొచ్చిన మనిషికి మంచి కుర్చీ వేసి మనం స్టూలు మీద కూర్చోమా? అలాగే లేచి ఇచ్చాను. ఇప్పుడు లేవండి, అది నాది అని ఏ మొహం పెట్టుకుని అడగను? పలక తెరవడానికి తొమ్మిది మందికీ ఉన్న రహస్యపు మాటలు ఒక కాగితం మీద రాసి, ఫోటో తీసి పంపాను. ఆయన ఎంత పొంగిపోయాడో. ఇంత నమ్మకం నాకు ఎవరూ చూపించలేదండీ అన్నాడు. ఆ మాటకి నా కళ్ళు చెమర్చాయి.

ఇక పని చూస్తావా, పూలరంగడిలా నడుస్తోంది షెడ్డు. ఎవరూ నా దగ్గరికొచ్చి ఏదీ అడగడం లేదు. అన్నిటికీ ఆయనే జవాబు. ఫోన్ల గోల కూడా తీసేశాడు. షెడ్డు ఫోనూ, నా ఫోనూ ముందు ఆయనకి మోగుతాయి, అవసరమైనవే నాకు పంపుతాడు. పదిహేను రోజులుగా నాకు ఒక్క ఫోనూ రాలేదంటే నువ్వే ఊహించుకో ఎంత నెమ్మదిగా ఉన్నానో.

ఇంకో విచిత్రం చెప్తాను. నేను రాసినట్టే రాస్తాడమ్మా. మెయిల్లో నేను ఇన్నేళ్ళుగా రాసినవన్నీ కూర్చుని చదివాడట, నా పలుకు పట్టుకోవడానికి. ఒకామెకి కాలు ఆలస్యమవుతుందని నా పేరుతో జవాబు రాశాడు. "తల్లీ, ఇంకో వారం ఓపిక పట్టావంటే నడవడం కాదు, పరుగే పరుగు" అని. నేనే రాశానేమోనని నాకే అనుమానం వచ్చింది. మన చుట్టాల నంబర్లు కూడా అడిగి తీసుకున్నాడు, అందరికీ నా తరఫున క్షేమసమాచారాలు పంపుతాడట. సంతకాల బాధ కూడా తప్పించాడు. ఫోన్ మీద ఒకసారి వేలితో పెట్టించుకున్నాడు, ఇక దేనికీ మళ్ళీ మళ్ళీ అడగడు.

మేస్త్రీ మాత్రం సణుగుతూనే ఉన్నాడు. నిన్న అడిగాడు, "ఆయన మొహం ఎలా ఉంటుందండీ?"

"పనికి మొహం ఎందుకయ్యా?" అన్నాను.

"మన దగ్గరికి కాళ్ళు లేనివాళ్ళు వస్తారు, చేతులు లేనివాళ్ళు వస్తారు. మొహం లేని మనిషి ఇప్పటిదాకా రాలేదు" అన్నాడు.

పట్టీలావిడ కిసుక్కున నవ్వింది. నేనూ నవ్వాను. ముసలాయనకి అసూయ, అంతే. నువ్వడిగిన ఊరి సంగతి అడిగాను. "నాకు ఊరేమిటండీ, మీ షెడ్డే నా ఊరు" అన్నాడు. చూశావా మర్యాద.

మీ నాన్న


కొండ మీద కేంద్రం నుంచి,
జూలై 12

నాన్నా,

ఈ ఉత్తరం అందగానే చేతిలో పని ఏదున్నా ఆపి చదువు.

అతను ఎవరో నాకు తెలియదు. నీకూ తెలియదు. నీ ఫోను అతని దగ్గర మోగుతోంది, నీ సంతకం అతని దగ్గర ఉంది, నీ మాట కూడా నేర్చుకున్నాడు. పదిహేను రోజులు నీకు ఫోన్ రాకపోవడం నెమ్మది కాదు నాన్నా. మన దగ్గరికి రోజుకి పదిమంది ఫోన్ చేస్తారు. వాళ్ళతో ఎవరు మాట్లాడుతున్నారు? ఏం చెప్తున్నారు?

మేస్త్రీకి చెప్పి కొలతలన్నీ కాగితం మీద రాయించు. నీ ఫోన్ నంబరు ఇచ్చిన ఆఫీసుకి నువ్వే స్వయంగా వెళ్ళి, కాల్స్ తిరిగి నీకే వచ్చేలా చేయించు. అతనితో గొడవ పెట్టుకోకు, ఏమీ తెలియనట్టే ఉండు.

నా తప్పు కూడా ఒకటుంది. షెడ్డు దస్తావేజు పాడవకుండా ఉంటుందని పోయినేడాది దాన్ని ఫోటో తీసి పలకలో పెట్టింది నేనే. అది అతను చూసి ఉంటాడు. షెడ్డు నీ పేరూ, బాబాయి పేరూ మీద ఉంది. ఇద్దరి సంతకం లేకుండా అది కదలదు. నీది అతని దగ్గర ఉంది. బాబాయిది లేదు.

నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు నాన్నా. మీ ఇద్దరూ పదకొండేళ్ళుగా మాట్లాడుకోవడం లేదని నేను ఎన్నిసార్లు ఏడ్చానో నీకు తెలుసు. ఇవాళ మాత్రం ఆ పంతమే షెడ్డుకి తాళం. అది అలాగే ఉండనీ, కొన్నాళ్ళు.

నీ చిట్టి


షెడ్డు నుంచి,
జూలై 15

బంగారుతల్లికి,

తమ్ముడు వచ్చాడమ్మా. మీ బాబాయి వచ్చాడు. నీ దగ్గర్నుంచి ఉత్తరం ఇంకా అందలేదు, అది వచ్చేదాకా ఆగలేక రాస్తున్నాను.

పొద్దున్న ప్లాస్టర్ అచ్చు పోస్తుంటే గుమ్మం దగ్గర నీడ పడింది. తలెత్తితే వాడు. జుట్టు మొత్తం తెల్లబడింది. చంకలో వాడి ఆకురాళ్ళ సంచీ, వెళ్ళిన రోజు పట్టుకెళ్ళిందే.

"అన్నయ్యా, లోపలికి రావచ్చా?" అన్నాడు.

"నీ షెడ్డులోకి రావడానికి నన్నడుగుతావేంట్రా?" అన్నాను. నా చేతుల ప్లాస్టర్ వాడి చొక్కా నిండా. మేస్త్రీ వెనక్కి తిరిగి ముక్కు చీదుకున్నాడు. జలుబట.

నీకు ఆ గొడవ తెలిసిందే. వాడు చేసిన మోకాలి కీలు పెట్టుకుని ఒకాయన బస్సు ఎక్కుతూ పడ్డాడు. తప్పు కీలుదేనని తొమ్మిది మంది ముందూ, ఆ పడ్డాయన ముందూ వాణ్ణి నోటికొచ్చినట్టు అన్నాను. వాడు సంచీ తీసుకుని వెళ్ళిపోయాడు. తప్పు ఎవరిదో ఆ తర్వాత నాకు తెలిసింది. ఆ ముక్క ఇప్పుడెందుకులే.

ఎందుకొచ్చావురా అని అడగలేదు. అడిగితే లేచి వెళ్ళిపోతాడేమోనని భయం. టీ తాగుతూ వాడే అన్నాడు, "నువ్వు రాసింది చదివాక రాకుండా ఉండలేకపోయాను." దూరపాయన నా తరఫున అందరికీ పంపుతున్న క్షేమసమాచారాలు అనుకున్నాను. చూశావా ఆయన చలవ. పదకొండేళ్ళలో నువ్వు చేయలేనిది, మీ మేనత్త చేయలేనిది, ఒక్క నెలలో చేసి చూపించాడు. ఆయనకి చెప్పి రెట్టింపు జీతం ఇవ్వాలి.

ఇప్పుడు వాడు తన పాత బల్ల దగ్గరే కూర్చుని కీలు రాపిడి చేస్తున్నాడు. ఆ ఆకురాయి చప్పుడు వింటూ రాస్తున్నాను. ఈ చప్పుడు ఇంకో పదేళ్ళు వింటే చాలు నాకు.

నిన్న ఇద్దరు పెద్దమనుషులు వచ్చి షెడ్డు కొలిచి వెళ్ళారు. పొడుగూ, వెడల్పూ, వెనక ఖాళీ స్థలమూ. దూరపాయన పంపి ఉంటాడు, బీమాకో దేనికో. ఒకాయన రాసుకోవడంలో ఉంటే ఇంకొకాయన ఒక్కడే టేపు పట్టుకుని ఇబ్బందిపడుతుంటే రెండో కొస నేనే పట్టుకున్నాను. కొలతలు తీయడం మనకి కొత్తా?

మీ నాన్న


కొండ కింద పోస్టాఫీసు నుంచి,
జూలై 24

నాన్నా,

నీ ఉత్తరం అందిన గంటకే సెలవు పెట్టి వ్యానులో కిందికి దిగాను. ఇక్కడ నా సెల్ పలుకుతుంది. నీ నంబరుకి చేశాను.

ఒక మగమనిషి ఎత్తాడు. "చెప్పు చిట్టితల్లీ" అన్నాడు. నీ గొంతు కాదు. నేను చేస్తున్నానని నంబరు చూసి తెలుసుకున్నాడేమో. నాన్నని పిలవండి అన్నాను. "నాన్నగారు విశ్రాంతి తీసుకుంటున్నారమ్మా, ఈమధ్య త్వరగా అలసిపోతున్నారు" అన్నాడు, చాలా మర్యాదగా. షెడ్డు నంబరుకి చేశాను. అతనే. "మళ్ళీ నేనేనమ్మా" అన్నాడు.

అందుకే ఫోన్ వద్దు. ఈ ఉత్తరం మా వ్యాను డ్రైవరు తెచ్చి నీ చేతికే ఇస్తాడు. నువ్వు రాసేదాకా కూర్చోమన్నాను, జవాబు ఆయనకే ఇవ్వు. నేను ఇక్కడే పోస్టుమాస్టరు గారింట్లో ఉంటాను.

బాబాయి ఫోన్ తీసుకుని, నువ్వు రాశావని తను అనుకుంటున్నవన్నీ చదువు. బాబాయి దేని మీదైనా సంతకం చేశాడేమో అడుగు. షెడ్డు కొలిచినవాళ్ళు బీమా వాళ్ళు కారు నాన్నా.

చుట్టాల్లో ఎవరికి ఏం చెప్పాలో రాసి పంపు. ఇక్కడి ఫోన్ నించి ఒక్కొక్కరికీ నేనే చేస్తాను. నీ నంబరు నించి వెళ్ళేది ఇక నీ మాట కాదు.

నీ చిట్టి


షెడ్డు నుంచి,
జూలై 26, శనివారం

చిట్టితల్లికి,

డ్రైవరుగారు బయట బల్ల మీద కూర్చున్నారు. మంచి మనిషి, తొందరేం లేదండీ అంటున్నారు. నేనే త్వరగా రాయాలి.

నువ్వు చెప్పకముందే అన్నీ తెలిశాయమ్మా. తాళం అలాగే ఉండనీ అని నువ్వు రాసిన ఉత్తరం సోమవారం అందింది. అప్పటికే వారం రోజులుగా తాళం నా ఎదుటే కూర్చుని ఆకురాయి పడుతోంది. మంగళవారం ఆ కొలిచినాయన కాగితం తెచ్చాడు. షెడ్డు అమ్మకమైంది, నెలాఖరుకి ఖాళీ చేయాలట. కింద నా సంతకం, తమ్ముడి సంతకం. నేను ఆ కాగితం తిప్పి తిప్పి చూస్తుంటే తమ్ముడు నవ్వుతున్నాడు.

"పెద్ద చోటుకి మారదామని నువ్వే కదన్నయ్యా రాశావు. నువ్వు చెప్పాక నేను చదవడమేంటి, పెట్టమన్నచోట వేలు పెట్టాను" అన్నాడు.

ఏదీ చూడనీ అని వాడి ఫోన్ తీసుకున్నాను. నా పేరు మీద నలభై ఒక్క సందేశాలు ఉన్నాయి. జూన్ ఎనిమిదిన మొదలు.

మొదటిది చదివాక నాకు కుర్చీ కావాల్సి వచ్చింది. అది ఆ దూరపాయన రాసింది కాదమ్మా. నేను రాసిందే. తొమ్మిదేళ్ళ కిందట నువ్వు నాకు టైపు కొట్టడం నేర్పావే, ఆ రోజుల్లో రాశాను. "తమ్ముడూ, కీలు బాగానే ఉంది, కొలత నాదే తప్పు. పాదం దగ్గర వేలెడు తేడా తీశాను. ఆయన పడింది నా వల్ల. అందరి ముందూ నిన్ను అన్నాను, అందరి ముందూ ఒప్పుకునే ధైర్యం లేక నిన్ను పోగొట్టుకున్నాను" అని. పంపలేదు. పంపడానికి వేలు రాలేదు. మెయిల్లో ఎక్కడో మిగిలిపోయి ఉంటే ఆ దూరపువాడు వెతికి తీసి, ఒక్క అక్షరం మార్చకుండా పంపాడు. నేను చేయలేని పని, దొంగ చేశాడు. మిగతా నలభై వాడివి. ఎంత ప్రేమగా ఉన్నాయంటే, ఒక్కొక్క చోట నేనే ఇలా ఎందుకు రాయలేకపోయానా అనిపించింది.

కళ్ళజోడు తెచ్చుకుంటానని తమ్ముడికి చెప్పి లోపలికి వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడ్డాను. కళ్ళజోడు నా ముక్కు మీదే ఉంది.

మన కౌంటరు దగ్గరుండే ఆవిడ ఫోన్ అడిగి నా నంబరుకి నేనే చేశాను. దూరపువాడు ఎత్తాడు, ఆవిడే చేసిందనుకున్నాడు. "ఆఁ, చెప్పు తల్లీ, భోజనం చేశావా?" అన్నాడు. రోజూ ఆవిడని నేను అడిగే మాట. "ఎవరూ?" అన్నాడు. నా షెడ్డులో నిలబడి, నా ఫోనుకి, నేనెవరో నేను చెప్పలేకపోయాను. పెట్టేశాను. గంటలో పలక మూసుకుపోయింది. తొమ్మిది మందిమి బయటే. కొలతలు పోలేదు, మేస్త్రీ మొదటి వారం నుంచే ఒక గళ్ళ పుస్తకంలో రాసుకుంటున్నాడట, నేను కోప్పడతానని దాచాడు. నన్ను తిట్టాల్సినవాడు ఆ పుస్తకం నా చేతిలో పెట్టి తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయాడు. అదే ఎక్కువ నొప్పి పెట్టింది. ఫోన్ నంబరు వాళ్ళ దగ్గరికీ వెళ్ళాను. ఫోను పోయిందని నా పేరుతో ఎవరో ముందే అర్జీ ఇచ్చారట, నేనే నేనని రుజువు చేసుకోవాలట.

బుధవారం రిజిస్ట్రేషన్ ఆఫీసుకి ఒక్కణ్ణే వెళ్ళాను. అక్కడి అధికారిణి మంచిది, అన్నీ విన్నది. కాగితం ఇంకా పుస్తకంలోకి ఎక్కలేదట, సోమవారం సాయంత్రం లోపల అన్నదమ్ములిద్దరూ వచ్చి, ఈ సందేశాలు నేను పంపలేదని అన్నా, మోసం వల్ల సంతకం పెట్టానని తమ్ముడూ రాసిస్తే ఆగుతుందట. ఎల్లుండే సోమవారం.

"అమ్మా, ఇందులో మొదటిది నాదే, దాన్ని పక్కన పెట్టి మిగతావి కాదని రాస్తాను" అన్నాను.

"అలా ఏరడం కుదరదండీ. మొదటిది మీదే అంటే మిగతావి కూడా మీవే అంటారు వాళ్ళు. పంపింది మీరా, కాదా? అంతే" అంది.

కాదు అన్నాను. నా జీవితంలో రాసిన ఒకే ఒక్క నిజమైన ఉత్తరం, అది నేను పంపలేదని వేలిముద్ర వేసి వచ్చాను. ఇక తమ్ముడు వెయ్యాలి. వెయ్యాలంటే వాడికి తెలియాలి. తెలిస్తే, తనని పిలిచింది అన్నయ్య కాదని కూడా తెలుస్తుంది. మూడు రోజులుగా నోరు తెరవడం, మూసుకోవడం. వాడేమో రెండు కీళ్ళు పూర్తి చేసి, చూడన్నయ్యా అని పసివాడిలా చూపిస్తున్నాడు. ఈ మూడు రోజులూ దాచాననైనా క్షమిస్తాడో లేదో.

ఆ దొంగ ఇంకా ఆగలేదు. ఇవాళ పొద్దున కూడా నా పేరుతో ఎవరికో ఏదో వెళ్ళింది. నువ్వు చెప్పాల్సినవాళ్ళ పేర్లు రాస్తున్నాను, ఈ వరసలోనే చెయ్యి.

మీ మేనత్తకి, అందరికంటే ముందు. వేలు పెట్టమని కాగితం వచ్చిందట, కళ్ళు కనిపించక మనవరాలి కోసం ఆగింది. ఆ పిల్ల వచ్చేలోపల చెప్పు.

మీ అక్కకి, నెమ్మదిగా చెప్పు, భయపడుతుంది. వాళ్ళ మావగారికి కూడా దాన్నే చెప్పమను. ఆయన నేను రోజూ పలకరిస్తున్నానని మురిసిపోతున్నారట.

మీ మావయ్యకి. నా పేరుతో ఏం వచ్చినా తిట్టి పంపమను, మామూలుగా నన్ను తిట్టేదానికంటే ఎక్కువ తిట్టినా పర్వాలేదు.

మీ పెద్దమ్మకి. మీ అమ్మ ఫోటోలు పంపమని నేనడిగానంటోంది. నేనడగలేదు. ఎందుకడిగాడో నాకు తెలియడం లేదు. ఇకపై ఒక్కటి కూడా పంపొద్దని చెప్పు.

మీ పిన్నికి ఇప్పుడే చెప్పకు. ముందు ఆమె భర్తకి తెలియాలి.

మీ బాబాయికి నేనే చెప్తాను. డ్రైవరుగారికి ఈ కవరు ఇచ్చి, అందరినీ బల్లల దగ్గర్నుంచి పిలిచి, ఆ వేలెడు కొలత సంగతి ముందు చెప్తాను, మిగతాది ఆ తర్వాత.